మిరియం ఎందుకు కూర్చోలేదు

ఆ పొద్దున మిరియం మూడోసారి కూడా కూర్చోలేదు.

విమానం దిగిన సామాను గుండ్రంగా తిరిగే బెల్టు పక్కన, వాడు ఓ ఆకుపచ్చ సంచీ దగ్గర ఆగాడు. ముక్కుతో ఒకసారి పొడిచాడు. తోక ఊపాడు. తలెత్తి, తాడు పట్టుకున్న పిచ్చుక మొహంలోకి చూశాడు. అంతే, ముందుకు నడిచిపోయాడు. పది నిమిషాల తర్వాత అదే సంచీ ఎక్స్‌రే యంత్రంలోకి వెళ్ళింది. తువ్వాళ్ళ మధ్య చుట్టిపెట్టిన ఎండుమాంసం, మట్టి కూడా దులపని నాలుగు మొక్క దుంపలు బయటపడ్డాయి. పొరుగు దేశాల పురుగూ తెగులూ ఇలాంటి సంచుల్లోనే దిగబడతాయి. వాటిని గుమ్మంలోనే ఆపడం మిరియం ఉద్యోగం.

ఆ ఉద్యోగంలో మొరగకూడదు, గోకకూడదు, సంచీ లాగకూడదు. వాసన తగిలితే ఆ సంచీ పక్కన చప్పుడు చేయకుండా కూర్చోవాలి. నాలుగేళ్ళుగా మిరియానికి తెలిసిన ఒకే ఒక్క మాట అది. వాడు కూర్చున్నాడంటే ఉన్నట్టే. రెండు వారాలుగా ఆ మాట పడిపోయింది.

వాడి తాడు పట్టుకునే మనిషిని ఆఫీసులో అందరూ పిచ్చుక అంటారు. సన్నగా ఉంటుంది, ఒక్కచోట నిలవదు, మాట్లాడితే గుక్క తిప్పుకోదు. కుక్కపిల్లగా వచ్చిన రోజున, నల్లటి గుండ్రటి ముక్కు చూసి మిరియం అని పేరు పెట్టిందీ ఆమే. ఆ పేరు పెట్టిన ఆమే ఇప్పుడు పెద్దసారు గదిలో నిలబడి ఉంది.

పెద్దసారు చెడ్డవాడేం కాదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి, చాలా మెత్తగా చెప్పాడు.

"చూడమ్మా, వాడి ముక్కు పోయింది. కొన్ని కుక్కలకి ముందే పోతుంది. మనమేం చెయ్యలేం."

"ముక్కు పోలేదు సార్. ఆగాడు కదా, సంచీ పొడిచాడు కదా!"

"ఆగడం లెక్కలోకి రాదు. శుక్రవారం పరీక్ష పెట్టడానికి పై ఆఫీసు నుంచి వస్తున్నారు. అందులో తప్పితే వాడిని పనిలోంచి తీసేస్తారు. నువ్వు కాగితాల సెక్షన్‌కి వెళ్ళాల్సి ఉంటుంది."

"పరీక్ష వాయిదా వెయ్యలేరా సార్?"

"ఆరు నెలలకోసారి వస్తారు. నా చేతుల్లో ఉంటే వేసేవాణ్ణే."

సోమవారం పొద్దున జరిగిన మాట ఇది. శుక్రవారానికి నాలుగు రోజులు. పిచ్చుక మధ్యాహ్నమే సెలవు చీటీ రాసిపడేసి, మిరియాన్ని వెనక సీట్లో ఎక్కించుకుని ఇంటికి బయల్దేరింది. వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ వాడు నిలబడే ఉన్నాడు. మలుపుల్లో ఒరిగిపోతున్నాడు, తమాయించుకుంటున్నాడు, కానీ నిలబడే ఉన్నాడు. ఆమె దాన్ని చూసింది గానీ పట్టించుకోలేదు. బుర్రంతా పెద్దసారు మాటలే.

ఇంట్లో అప్పటికే వేరే యుద్ధం నడుస్తోంది. వారం రోజులుగా ముందుగదిలో ఎక్కడినుంచో కుళ్ళిన చేపల కంపు. ఉన్నట్టుండి గుప్పున కొడుతుంది, మళ్ళీ మాయమవుతుంది. లిఫ్టులు బాగుచేసే పిచ్చుక భర్త బూట్ల మీద మొదటి అనుమానం పడింది. పాపం ఆయన బూట్లు వాకిట్లోకి, వాకిట్లోంచి మేడమీదకి వెళ్ళిపోయాయి. కంపు తగ్గలేదు. తర్వాత వంటింటి తూము మీద పడ్డారు. రెండుసార్లు వేణ్ణీళ్ళు పోసి కడిగారు. తూము తళతళలాడింది గానీ కంపు పోలేదు.

ఈ యుద్ధానికి సేనాధిపతి అత్తయ్య. ముప్పై ఐదేళ్ళు ఆసుపత్రిలో కాన్పుల వార్డులో పనిచేసి మానుకున్న మనిషి. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఊళ్ళో సగం మంది పుట్టగానే నెత్తురు మొహాలతో మొదట చూసింది తన మొహమేనని ఆవిడ గర్వం. కుక్కని ఇంట్లోకి రానివ్వనని మొదట్లో భీష్మించుకుంది. ఇప్పుడు వాడు పడుకునేది ఆవిడ మంచం కిందే. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం ఒప్పుకోదు.

"ఏంటి ఈ వేళప్పుడు వచ్చావు?" అంది అత్తయ్య, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

పిచ్చుక చెప్పులు కూడా విడవకుండా మొత్తం కథ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. చెబుతూనే అలమారలోంచి ఏడు అట్టపెట్టెలు లాగి గదిలో వరసగా పరిచింది. ఒకదాంట్లో ఎండిన పండుముక్క గుడ్డలో చుట్టి పెట్టింది. మిగిలినవాటిలో పాత గుడ్డలు.

"అత్తయ్యా, మీరే చూడండి. ముక్కు పోయిందో లేదో ఇప్పుడే తేలుతుంది. మిరియం, వెతుకు!"

మిరియం వెతికాడు. మొదటి పెట్టె దాటాడు, రెండోది దాటాడు, మూడోది వాసనైనా చూడలేదు. ఐదో పెట్టె దగ్గర కాళ్ళకు బ్రేకు పడ్డట్టు ఆగిపోయాడు. ముక్కు పెట్టెకి ఆనించాడు. ఒళ్ళంతా సన్నగా వణికింది.

"కూర్చో," అంది పిచ్చుక మెల్లగా. "కూర్చో నాన్నా."

వాడు వెనక కాళ్ళు వంచాడు. పిర్రలు నేలకి బెత్తెడు దూరంలోకి వచ్చాయి. అంతలో నిప్పు తొక్కిన కోతిలా ఎగిరి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి తన తోకవైపే అనుమానంగా చూసుకున్నాడు.

అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

"మళ్ళీ చేయించు."

మళ్ళీ అదే. ఐదో పెట్టె దగ్గర ఆగడం, వంగడం, ఎగరడం. ఈసారి గుప్పున చేపల కంపు.

అత్తయ్య చిక్కుళ్ళ పళ్ళెం పక్కకి తోసి లేచింది. మోకాళ్ళ నొప్పులని రోజూ మూలిగే మనిషి ఒక్క ఉదుటున వచ్చి కుక్క వెనకాల నేలమీద చతికిలబడింది. తోక పైకెత్తి, కళ్ళు చికిలించి చూసింది.

"ఓసి నీ అమాయకత్వం తగలెయ్య! ముక్కు కాదే అమ్మాయ్, ముడ్డి!"

"ఏంటత్తయ్యా?"

"ఇటు రా. ఈ కుడిపక్క చూడు, ఎర్రగా, పొంగి, ఎలా నిగనిగలాడుతోందో. ఇంత గడ్డ పెట్టుకుని ఎవరు కూర్చుంటారే? పురిటి కుట్లు పడ్డ ఆడదాన్ని పీటమీద కూర్చోమంటే కూర్చుంటుందా?"

పిచ్చుక కూడా నేలమీద పడి చూసింది. చూస్తుంటే ఒక్కొక్కటీ గుర్తుకొచ్చి తగులుతున్నాయి. పది రోజుల కిందట తివాచీ మీద వాడు ముందుకాళ్ళతో ఈడ్చుకుంటూ పిర్రలు రాసుకుంటూ పోతే, ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. భర్త ఫోన్లో వీడియో కూడా తీశాడు. ఉన్నట్టుండి తోక కింద నాక్కోవడం. ఇందాక కారులో నిలబడే రావడం. రెండు వారాలుగా వాడు చెబుతూనే ఉన్నాడు. వాళ్ళకే అర్థం కాలేదు.

"నేను రోజూ వాడిమీద అరిచాను అత్తయ్యా. కూర్చో, కూర్చో అని."

"ఏడవడానికి తర్వాత తీరిక చేసుకుందువుగాని. కారు తియ్యి. నేనూ వస్తున్నా."

పశువుల డాక్టరు దగ్గర ముగ్గురు కుక్కలవాళ్ళు, పిల్లిని తెచ్చిన ఒకామె వరసలో ఉన్నారు. అత్తయ్య వాళ్ళందరికీ మిరియం ఉద్యోగం, శుక్రవారం పరీక్ష, కుడిపక్క గడ్డ, అన్నీ తడుముకోకుండా వివరించేసరికి, వాళ్ళే జరిగి దారిచ్చారు. పిల్లి ఆమె అయితే "ముందు మీరు వెళ్ళండి తల్లీ, మాది గోళ్ళే కదా" అంది.

డాక్టరు లావుపాటి కళ్ళద్దాల మనిషి, నిదానంగా మాట్లాడతాడు. అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వు ఎక్కడ పుట్టావు నాయనా?"

"పెద్దాసుపత్రిలోనేనండి."

"ఏ సంవత్సరం?"

ఆయన చెప్పాడు. అత్తయ్య తల పంకించింది. "అయితే నిన్ను పట్టుకుంది నేనే అయుంటాను. చూడు మా వాణ్ణి, జాగ్రత్తగా చూడు."

డాక్టరు నవ్వు ఆపుకుంటూ చేతులకి తొడుగులు వేసుకున్నాడు. మిరియాన్ని బల్లమీద నిలబెట్టారు. పిచ్చుక వాడి తల గుండెకి హత్తుకుని చెవిలో ఏదో చెబుతూ ఉంది. డాక్టరు తోక ఎత్తి చూపించాడు.

"ప్రతి కుక్కకీ ఇక్కడ రెండు చిన్న సంచులుంటాయమ్మా. గడియారంలో నాలుగు అంకె దగ్గర ఒకటి, ఎనిమిది దగ్గర ఒకటి. వాసన రసం వాటిలో ఊరుతుంది. కుక్కకి అదే గుర్తింపు కార్డు. మామూలుగా దొడ్డికి వెళ్ళినప్పుడు ఆ ఒత్తిడికి అవే ఖాళీ అయిపోతాయి. అవ్వకపోతే లోపలే గడ్డకట్టి, చీము పడుతుంది. ఈమధ్య విరేచనం పల్చగా అవుతోందా?"

పిచ్చుక ఆలోచించింది. "అవుతోందండి. ఆఫీసులో తిండి మార్చారు, నెలన్నర అయింది. అప్పట్నుంచీ."

"అదీ సంగతి. గట్టిగా అయితేనే ఒత్తిడి పడుతుంది. అటుపక్క తిరగండి, ఇప్పుడు కొంచెం..."

ఆయన మాట పూర్తయ్యేలోపే ఎడమవైపు సంచీ ఖాళీ అయింది. ఒక సన్నటి ధార రివ్వున వెళ్ళి గోడమీద పటానికి తగిలింది. గది నిండా చేపల మార్కెట్టు దిగింది. బయట వరసలో ఎవరో "అబ్బో!" అన్నారు. పిచ్చుక కళ్ళనీళ్ళు పెట్టుకుంది, సగం జాలితో, సగం కంపుతో. అత్తయ్య మాత్రం ముక్కు కూడా మూసుకోలేదు. "వారం రోజులు నా కొడుకు బూట్లని ఆడిపోసుకున్నాం," అంది తీరిగ్గా.

కుడిపక్క సంచీ అంత తేలిగ్గా లొంగలేదు. ముందు నొప్పి తెలియకుండా సూది వేశారు. తర్వాత చిక్కటి గోధుమరంగు ముద్ద, దాని వెనక చీము, కొంచెం నెత్తురు. డాక్టరు ఉప్పునీటితో కడిగి లోపలికి మందు ఎక్కించాడు.

"ఇంకో రెండు రోజులు ఆగుంటే పగిలి పుండయ్యేది. సరైన సమయానికి తెచ్చారు."

"డాక్టరుగారూ, శుక్రవారానికి కూర్చోగలడా?"

ఆయన మిరియం చెవి వెనక గోకుతూ అన్నాడు: "నొప్పి రెండు మూడు రోజుల్లో బాగా తగ్గుతుంది. వెచ్చటి గుడ్డతో రోజుకి మూడుసార్లు కాపడం పెట్టండి. మందులు మానొద్దు. ఉడికించిన గుమ్మడికాయ కొంచెం తిండిలో కలపండి, పీచు ఉంటుంది. పని చేస్తే చెయ్యనివ్వండి, మంచిదే. కానీ బలవంతంగా కూర్చోబెట్టొద్దు. ఒకసారి కూర్చోవడమంటే నొప్పి అని వాడి మనసులో నాటుకుపోయిందంటే, పుండు మానినా ఆ భయం మానదు."

ఆ మాట పిచ్చుకకి సూదిలా దిగింది. ఇంటికి వెళ్ళే దారిలోనే ఒట్టు పెట్టుకుంది. శుక్రవారం దాకా, శుక్రవారం కూడా, 'కూర్చో' అనే మాట తన నోట రాదు. ఉద్యోగం పోతే పోనీ.

ఆ నాలుగు రోజులూ ఇల్లు చిన్న ఆసుపత్రయింది. అత్తయ్య పెట్టెలోంచి పాత వార్డు ఏప్రన్ తీసి కట్టుకుంది. పొద్దున్నే ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఆరింటికి కాపడం. నిమిషం అటూ ఇటూ కావడానికి వీల్లేదు. మిరియం మొదటిరోజు ముడుచుకుపోయాడు. రెండోరోజు ఊరుకున్నాడు. మూడోరోజు అత్తయ్య చేతిలో గుడ్డ చూడగానే తనే వెళ్ళి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. "చూశావా, ఎంత బుద్ధిమంతుడో! నా వార్డులో ఆడవాళ్ళు కూడా ఇంత మాట వినేవాళ్ళు కాదు," అని అత్తయ్య మురిసిపోయింది. భర్త మార్కెట్టుకి వెళ్ళి మోయలేనంత గుమ్మడికాయ తెచ్చాడు. బూట్లు నిర్దోషులని తేలాయి కాబట్టి మంచి ఉత్సాహంలో ఉన్నాడు. కుక్కకి గుప్పెడు, మనుషులకి మిగతాది. మూడు పూటలా అదే కూర.

గురువారం సాయంత్రం అట్టపెట్టెలు మళ్ళీ పరిచారు. మిరియం రెండో పెట్టె దగ్గర ఆగాడు. పిచ్చుక నోరు కట్టేసుకుంది. వాడు ఆమెని చూశాడు, పెట్టెని చూశాడు, వెనక కాళ్ళు వంచాడు, ఆలోచించాడు, లేచి నిలబడ్డాడు.

"సగం వచ్చాడు," అంది అత్తయ్య.

"సగం మార్కులు ఇవ్వరు అత్తయ్యా," అంది పిచ్చుక. అన్నదే గానీ వాడికి బహుమతి ముక్క పెట్టి, మెడ నిమిరి, ఆట చాలించింది.

శుక్రవారం పదింటికి సామాను హాలు పక్కనున్న ఖాళీ గదిలో ఇరవై సంచులు మూడు వరసల్లో పెట్టారు. నాలుగింటిలో దాచిన సరుకుంది. కనీసం మూడు పట్టాలి, ఒక్కటి తప్పినా ఫరవాలేదు. సరుకు లేని సంచీ దగ్గర కూర్చుంటే మాత్రం అక్కడితో సరి. పరీక్ష పెట్టడానికి వచ్చిన ఆవిడ తెల్లజుట్టు మనిషి, చేతిలో రాసుకునే అట్ట, మొహంలో ఏ భావమూ లేదు. గోడ పక్కన పెద్దసారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పిచ్చుక డాక్టరు చీటీ చూపిస్తే ఆవిడ చదివి, మడిచి, తిరిగిచ్చేసింది. "అర్థమైంది. కానీ నియమాలు నియమాలే. మొదలుపెట్టండి."

"మిరియం, వెతుకు!"

మిరియం వరస వెంట కదిలాడు. నాలుగు సంచులు దాటి, ఐదోదాని దగ్గర ఠక్కున ఆగాడు. నీలం పెట్టె. ముక్కు ఆనించాడు. పిచ్చుక నాలుక చివర దాకా వచ్చిన మాటని పళ్ళతో నొక్కిపట్టింది. వాడు ఆమె మొహంలోకి చూశాడు. ఆమె కూడా చూసింది, నవ్వింది, అంతే.

వాడు మెల్లగా వెనక కాళ్ళు వంచాడు. బెత్తెడు దూరం. నాలుగు వేళ్ళ దూరం. ఉన్నట్టుండి నడుము ఎడమకి వాల్చి, ఎడమ తొడమీదకి జారి, కాళ్ళు రెండూ ఒకపక్కకి పెట్టుకుని, తాపీగా చతికిలబడ్డాడు!

"అదేం కూర్చోవడం?" అన్నాడు పెద్దసారు గోడ దగ్గర్నుంచి.

పరీక్షావిడ దగ్గరికొచ్చింది. వంగి చూసింది. మోకాలి మీద కూర్చుని మళ్ళీ చూసింది.

"నియమం ప్రకారం వెనకభాగం నేలకి ఆనాలి. తిన్నగా ఆనాలని ఎక్కడా లేదు. ఆనింది." అట్టమీద టిక్కు పెట్టింది. "కానివ్వండి."

పిచ్చుకకి కాళ్ళు నేలమీద ఆనడం మానేశాయి. పదకొండో సంచీ: ఆగాడు, ఎడమకి వాలాడు, కూర్చున్నాడు. టిక్కు. పద్నాలుగోది: ఈసారి ఆలోచించనైనా లేదు, ఒరిగి కూర్చున్నాడు. టిక్కు! మూడైపోయాయి. ఇంక ఒక్కటి తప్పినా గెలుపే. పదిహేడో సంచీ దగ్గర, పాత గోధుమరంగు తోలు సంచీ, మిరియం మళ్ళీ ఆగి, ఒరిగి, కూర్చున్నాడు.

పరీక్షావిడ కలం కదల్లేదు.

"ఇందులో మేమేం పెట్టలేదమ్మా."

పిచ్చుక మిరియంవైపు చూసింది. వాడు కదల్లేదు. నొప్పి ఉన్న పక్కని గాల్లో ఉంచి, మంచిపక్క మీద భారం వేసి, తోలు సంచీవైపు చూస్తూ, కొండలా కూర్చున్నాడు.

"తెరిచి చూడండి," అంది పిచ్చుక. "వాడు అబద్ధం చెప్పడు. తెరవండి!"

ఆవిడ సంచీ తెరిచింది. పాత దుప్పటి. దులిపింది, ఏం లేదు. పక్క జేబు, ఏం లేదు. అడుగున జిప్పు ఊడిన చిన్న అర ఒకటి ఉంటే అందులో చెయ్యి పెట్టి తడిమింది. ఆవిడ మొహంలో ఆ రోజు మొదటిసారి ఏదో కదిలింది. చెయ్యి బయటికి తీసింది. అరచేతిలో సగం ఎండి ముడుచుకుపోయిన నారింజపండు.

"ఈ సంచీ ఎవరిది?"

గోడ దగ్గర పెద్దసారు గొంతు సవరించుకున్నాడు.

"నాదే. ఒక సంచీ తక్కువైందంటే ఇంటినుంచి తెచ్చాను. మా ఆవిడ ఎప్పుడో పెట్టుంటుంది..." మాట పూర్తి చెయ్యలేక కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ముందు ఆయన భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటికొచ్చింది. "నన్నే పట్టించాడమ్మా నీ మిరియం!"

పరీక్షావిడ నాలుగో టిక్కు పెట్టి, దాని పక్కన ఇంకేదో రాసింది. చివరి వరసలో మిగిలిన సరుకుని మిరియం పంతొమ్మిదో సంచీలో పట్టాడు. అది ఐదోది. ఇంక పిచ్చుక ఆగలేదు. అంత పెద్ద అధికారుల ముందు నేలమీద పడి వాణ్ణి కావలించుకుంది, ఏడ్చింది, నవ్వింది, వాడి ముక్కుమీద ముద్దు పెట్టింది. వాడు ఆమె మొహమంతా నాకేసి, జేబులోని బహుమతి ముక్కల కోసం మూతి దూర్చాడు.

"తిండి సంగతి ఇవాళే చూస్తాను," అన్నాడు పెద్దసారు. "పాతదే తెప్పిస్తా. ఇంకో వారం వాడికి సెలవు. నువ్వు కూడా ఇంట్లో ఉండు."

కారిడార్లోకి వచ్చి పిచ్చుక ఇంటికి ఫోను చేసింది. మొదటి గంటకే ఎత్తారు.

"అత్తయ్యా! కూర్చున్నాడు! ఐదుసార్లు కూర్చున్నాడు! పెద్దసారు సంచీనే పట్టాడు! పాసయ్యాడు అత్తయ్యా, పాసయ్యాడు!"

అవతల ముక్కు చీదిన చప్పుడు. ఆవిడ గొంతు బొంగురుగా వచ్చింది.

"నాకు తెలుసు. సరేగానీ, పొద్దున దొడ్డికి వెళ్ళాడా?"

"వెళ్ళాడు."

"గట్టిగా అయిందా?"

"అయిందత్తయ్యా!"

"అద్గదీ! అసలు పాసవ్వడమంటే అదీ. తొందరగా తీసుకురా, ఒంటిగంట కాపడానికి నీళ్ళు పెడుతున్నా."